పాలేరు బానిసేనా? మనిషికి ‘విలువ’ కట్టవచ్చా?

సందేహం: అమెరికా బానిసత్వం గురించిన వ్యాసమొకటి తెలుగు చేస్తున్నాను. బానిస, దాసుడు, వెట్టివాడు, పాలేరు – వీటిలో ఏది వాడాలి? ‘మనిషి విలువ’ అనాలా, ‘మనిషి గౌరవం’ అనాలా?

సమాధానం: అమెరికా సంగతికి ‘బానిస’ ఒక్కటే సరిపోతుంది. అక్కడ మనుషుల్ని వేలం వేశారు, అప్పుకు తాకట్టు పెట్టారు, వీలునామాల్లో పంచుకున్నారు. తల్లి బానిసైతే బిడ్డా బానిసేనని వర్జీనియాలో 1662లోనే చట్టం రాసుకున్నారు. ‘దాసుడు’కీ ఈ అర్థం ఉంది కానీ, ఆ మాట వినగానే మనకు రామదాసు గుర్తొస్తాడు. ఆయన ఇష్టపడి తలవంచినవాడు. వేలంలో నిలబెట్టినవాణ్ణి అలా పిలవడం న్యాయం కాదు.

వెట్టి, పాలేరుతనం వేరు. ఇక్కడ మనిషిని అమ్మకపోవచ్చు, వదిలిపోనివ్వరు. ‘వెట్టి’ సంస్కృత ‘విష్టి’ నుంచి వచ్చిందంటారు, కూలి లేకుండా బలవంతాన చేయించే పని అని అర్థం. జీతగాడికి పేరులోనే జీతం ఉంది. అయినా ముందు తీసుకున్న అప్పు తీరేదాకా కదలడానికి వీల్లేకపోతే ఆ జీతం దొర పద్దులో అంకె మాత్రమే. పాలేర్లందరూ ఇలా కట్టుబడ్డవాళ్లని కాదు. అయినా 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం నిర్వచనంలో దేశంలోని రకరకాల పేర్లతో పాటు వెట్టి, పాలేరు, జీత, భగేలా కూడా ఉన్నాయి. ‘డబ్బిచ్చాక వెట్టి ఎలా అవుతుంది?’ అని కొందరు అడుగుతారు. ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది: కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకున్నా, రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమే.

ఇక రెండోది. మీ అసలు చిక్కు ఇక్కడే ఉంది. వెల, విలువ, విలుచు (కొను) ఒకే ధాతువు పిల్లలు. తమిళంలో ‘విల్’ అంటే అమ్ము, ‘విలై’ అంటే ధర. కాబట్టి మీ వ్యాసంలో ‘బానిసల విలువ’ అని రాస్తే పాఠకుడికి వేలంపాట ధరే తడుతుంది. జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో చెప్పిన తేడా కూడా ఇదే. వెల ఉన్నదాని చోట సమానమైన మరొకటి పెట్టవచ్చు, మనిషి చోట మరేదీ పెట్టలేం.

‘గౌరవం’ మేలైన మాట. ‘గురు’ నుంచి పుట్టింది, బరువు అని అర్థం. రాజ్యాంగ పీఠిక తెలుగులోనూ ‘వ్యక్తి గౌరవం’ అనే ఉంది. క్రియ దగ్గర మాత్రం జాగ్రత్త పడండి. ‘బానిసలకు గౌరవం ఇవ్వలేదు’ అంటే అది యజమాని చేతిలోని వస్తువైపోతుంది. అప్పుడు కొట్టని, కడుపునిండా పెట్టే యజమాని గౌరవం ఇచ్చినట్టే కదా! ఆ మంచి యజమాని కూడా అప్పులపాలైతే రేపు వాళ్లను అమ్మేయగలడు. వాళ్లు ‘వద్దు’ అంటే ఆ మాటకు చెల్లుబాటు లేదు. తప్పు దెబ్బలతో మొదలవదు, అమ్మేయగల ఆ హక్కుతోనే మొదలవుతుంది. అందుకే ‘మనిషికున్న గౌరవాన్ని కాలరాశారు’ అని రాయండి. ‘మర్యాద’ ఇక్కడ పనికిరాదు, అది నడవడికకు సంబంధించింది.

మరొకటి: ‘బానిసలుగా చేయబడిన వ్యక్తులు’ అని రాయకండి. వినడానికి మొరటుగా ఉండటం అటుంచి, చేసినవాడు వాక్యంలోంచి తప్పించుకుంటాడు. ‘తోటల యజమానులు కొని, బానిసల్ని చేసినవాళ్లు’ అనండి. ‘బానిస’కు సంస్కృత ‘త్వం’ అతకడం సరికాదనేవారు ‘బానిసతనం’ అనవచ్చు. ‘బానిసత్వం’ ఎప్పుడో స్థిరపడింది, నాకైతే అభ్యంతరం లేదు.