కుంగిన కమాను కట్టకి పట్టీ కలిపితే సరిపోతుందా?

ప్రశ్న: మేస్త్రీ గారూ, నాది 2011 మోడల్ బొలెరో పికప్. కవిటి చుట్టుపక్కల తోటల్లో కొబ్బరికాయలు ఎత్తి కంచిలి, పలాస తోలుతుంటాను. కొన్నాళ్లుగా బండి ఎడమ పక్కకి ఒరిగి ఉంటోంది. ఖాళీగా తిరిగొస్తుంటే గుంతల్లో వెనక టక్‌టక్‌మని శబ్దం. షాకబ్జర్లు మార్చి, వెనక రెండు కమాను కట్టల్లోనూ (ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులు) చెరో పట్టీ ఎక్కువ వేస్తే సరిపోతుందని ఇక్కడ మెకానిక్ ఒకాయన అన్నాడు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: ఆగండి బాబూ, ముందే ఏదీ కొనకండి. షాకబ్జరు బరువు మోయదు. కమాను ఊగితే ఆ ఊపుని ఆపడమే దాని పని. వెనక బరువంతా కమాను కట్టల మీదే ఉంటుంది. కాబట్టి షాకబ్జర్లు కొత్తవి వేసినా ఒరుగు పోదు.

బండిని ఖాళీ చేసి, టైర్లలో గాలి సమానంగా పెట్టించి, సమంగా ఉన్న గచ్చు మీద నిలపండి. చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా నాలుగు చోట్లా టేపుతో కొలవండి. తర్వాత ముందు క్రాస్‌మెంబరుకి (బండి చట్రంలో అడ్డంగా ఉండే దూలం) సరిగ్గా మధ్యలో జాకీ పెట్టి కొంచెం లేపండి. అప్పుడు వెనక సమంగా వస్తే లోపం ముందు వైపు ఉన్నట్టు. అప్పటికీ వెనక ఒరిగే ఉంటే ఎడమ కట్టే కుంగింది, లేదా లోపల పట్టీ విరిగింది.

పట్టీ విరిగినా బయటికి కనబడకపోవచ్చు. వైర్ బ్రష్‌తో రుద్ది, టార్చి వేసి పట్టీ పట్టీ చూడాలి. మీది ఉద్దానం, సముద్రం పక్కనే. ఆ ఉప్పుగాలికి పట్టీల మధ్య తుప్పు పొరలు కట్టి, వాటి కిందే సన్నటి గీతలా పగులు దాక్కుంటుంది. పట్టీలన్నిటినీ మధ్యలో గుచ్చి కలిపే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరిగి ఉంటే, కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు వదులైపోయి ఉంటాయి. అవి బిగువుగా లేకపోతే పట్టీలు మధ్యలో కదిలి కదిలి అక్కడే తెగుతాయి. అలాంటప్పుడు పట్టీ ఒక్కటే మార్చి పాత యూ బోల్టులే బిగిస్తే కొత్త పట్టీ కూడా నిలవదు. ఒకసారి సాగిన యూ బోల్టు మళ్లీ పట్టు ఇవ్వదు, కొత్తవి వేయించండి. విరిగిన పట్టీని వెల్డింగ్ మాత్రం ఎవరు చెప్పినా చేయించొద్దు. వేడికి ఆ ఉక్కు గుణం పోయి పక్కనే పుటుక్కుమంటుంది, అదీ లోడుతో ఉన్నప్పుడు!

ఇక ఆ టక్‌టక్ సంగతి. ఖాళీ బండిలోనే వస్తోందంటున్నారు కాబట్టి నా అనుమానం షాకిల్ బుష్‌ల మీద. షాకిల్ అంటే కట్ట చివరని బండి చట్రానికి కలిపే ఊగే లింకు, బుష్ అంటే దాని పిన్ను చుట్టూ ఉండే తొడుగు. లోడున్నప్పుడు అవి ఒక పక్కకి అణిగి ఊరుకుంటాయి, ఖాళీ అయితే కొట్టుకుంటాయి. షాకిల్‌లో టామీ రాడ్ (ఇనుప కడ్డీ) పెట్టి ఎత్తి చూడండి, వదులుగా ఆడటం కంటికి కనబడుతుంది. పిన్ను బయటికి తీశాక గోరుతో తడమండి. ఒక పక్క మెట్టులా అరిగి ఉంటే బుష్‌తో పాటు పిన్నూ మార్చాలి. రబ్బరు బుష్‌కి గ్రీజు పట్టించకండి, రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. గ్రీజు ఎక్కించే నిపుల్ ఉన్న ఇనుప బుష్‌కే గ్రీజు.

చాలా షెడ్లలో తప్పిపోయే పని ఒకటుంది. బండి జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగానే బుష్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి కొద్దికాలంలోనే చిరిగిపోతుంది. అక్కడ వదులుగా ఉంచి, బండి తన చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. మీరు దగ్గర కూర్చుని చేయించుకోండి. రెండు మూడు లోడ్లు తోలాక యూ బోల్టులు మళ్లీ ఒకసారి బిగించుకోండి, కొత్తల్లో అవి వదులవుతాయి.

ఇప్పుడు ఎక్కువ పట్టీ మాట. సాలూరు లారీ షెడ్లలో పని నేర్చినవాణ్ని, పట్టీలు కలిపిన బండ్లు ఎన్నో చూశాను. కమాను గట్టిపడితే బరువు మాయమవదు. అది ఇరుసు మీదికీ, బేరింగుల మీదికీ, ఛాసిస్ మీదికీ పోతుంది. కొన్ని పికప్‌లలో వెనక ఇరుసుకి లింకు పెట్టిన బ్రేకు వాల్వు ఒకటుంటుంది. వెనక ఎంత కుంగిందో చూసి, ఆ లెక్కన వెనక బ్రేకుకి ఒత్తిడి ఇస్తుంది. పట్టీ వేసి వెనక ఎత్తు చేస్తే, లోడున్నా లేదనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. మీరు నిత్యం తిరిగేది హైవే మీద, బ్రేకు విషయంలో ఈ ప్రమాదం తెచ్చుకోకండి. ఆర్‌సీలో రాసిన బరువే తోలండి. 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టంలో ఓవర్‌లోడుకి జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000.

నా సలహా: కట్టలు రెండు వైపులా కంపెనీ ఇచ్చినన్ని పట్టీలతోనే కొత్తవి. బుష్‌లు, పిన్నులు, యూ బోల్టులు, సెంటర్ బోల్టులు అప్పుడే. డబ్బు ఒకేసారి కుదరకపోతే బుష్‌లు, యూ బోల్టులు ముందు, కట్టలు తర్వాత. విరిగిన పట్టీ దొరికితే మాత్రం ఒక్క లోడు కూడా తోలొద్దు.

ప్రశ్న: మా వారి పికప్‌కి వెనక ఒక షాకబ్జరు ఆయిల్ కారుతోంది. రెండోది బాగానే ఉంది. ఒక్కటే మార్చొచ్చా? – ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: రెండూ మార్పించండమ్మా. కొత్తది ఒకలా, పాతది ఒకలా ఆపితే గుంతల్లో బండి ఒక పక్కకి లాగుతుంది. పైపైన తడిగా, దుమ్ము పట్టి ఉంటే కంగారు లేదు, తుడిచి వారం చూడండి. ఆయిల్ ధారగా దిగుతుంటేనే మార్చాలి.