సఫోక్‌లో గడ్డి కప్పు ఇల్లు కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుణ్ణి ఆశీర్వదించి మావయ్య వ్రాయునది.

ఇంగ్లండ్‌లోని సఫోక్ పల్లెలో నువ్వు బేరమాడుతున్న ఓక్ చెక్క దూలాల ఇంటి ఫోటోలు చూశాను. నీ బెంగంతా గడ్డి కప్పు మీదే ఉంది కానీ, ముందుగా చూడవలసింది నేలకు దగ్గరగా పరిచిన అడుగు దూలాన్ని. ఆ కప్పు మన తాటాకు పాకలా రెండు మూడేళ్లకు మార్చేది కాదు. బాగా నేసిన పొడవాటి గోధుమ గడ్డి 20 ఏళ్లకు పైగా, నార్ఫోక్ రెల్లు అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. కప్పు నడినెత్తిన ఉండే కొప్పు మాత్రం 10–15 ఏళ్లకొకసారి కొత్తగా వేయించాలి.

ఆ గోడలు ఓక్ చట్రం మధ్య తడికలు అల్లి, గడ్డి కలిపిన మట్టి మెత్తి, సున్నం పూసినవి. కొంత తడి ఇంకినా సున్నం గుండా ఆరిపోతుంది. గత శతాబ్దంలో చాలామంది వాటిమీద సిమెంటు పూయించారు. ఓక్ ఋతువును బట్టి కదులుతుంది, సిమెంటు కదలదు. అందువల్ల ఏర్పడిన సన్నని పగుళ్లలో దిగిన నీరు బయటపడే దారి లేక దూలాన్ని లోలోపల కుళ్లబెడుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు, యజమానిని అడిగి, మూల స్తంభం అడుగున స్క్రూడ్రైవర్ మొన నొక్కి చూడు. మంచి ఓక్‌లో అది దిగదు. కుళ్లినదైతే గోధుమరంగు పొడి రాలుస్తూ అంగుళం లోతుకు పోతుంది. పూలమొక్కల కోసం ఏళ్ల తరబడి మట్టి పోసి అడుగు దూలాన్ని పూడ్చేసినవారూ ఉన్నారు. నీ ఫోటోలోని గులాబీ మడి నాకు అలాగే కనబడింది.

ఇంటి పరీక్షకు చెక్క చట్రపు ఇళ్లు ఎరిగిన సర్వేయరునే, అంటే కట్టడం స్థితిని చూసి చెప్పే నిపుణుణ్ణే పిలువు. తేమ మీటరు ఆనించి, గోడకు రసాయనం ఎక్కించాలనేవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకు. 1877లో కళాకారుడు విలియం మోరిస్ తదితరులు నెలకొల్పిన ప్రాచీన భవనాల రక్షణ సంఘం ఇంటి యజమానులకు మరమ్మతుల గురించి తరగతులు నడుపుతుంది, వీలైతే చేరు. కట్టెల పొయ్యి సరదా ఉంటే, పొగగొట్టాన్ని ఏడాదికి రెండుసార్లు దులిపించే ఓపికా ఉండాలి, ఎందుకంటే ఇటువంటి కప్పులకు నిప్పంటుకోవడంలో పొగగొట్టాలదే పెద్ద పాత్ర.

ఇల్లు గ్రేడ్ టూ వారసత్వ జాబితాలో, అంటే అక్కడి ప్రభుత్వం రక్షించే పాత కట్టడాల జాబితాలో ఉందన్నావు. 1990 నాటి చట్టం ప్రకారం దాని స్వరూపాన్ని మార్చే పనులకు అనుమతి తప్పనిసరి; పాత యజమాని అనుమతి లేకుండా చేసినదాన్ని సరిదిద్దమని స్థానిక కౌన్సిల్ నోటీసు ఇస్తే అది కొన్నవాడి మెడకే చుట్టుకుంటుంది, దానికి కాలపరిమితి కూడా లేదు. వెనుక వైపు ప్లాస్టిక్ కిటికీలు ఎవరి అనుమతితో పెట్టారో నీ సొలిసిటర్ చేత, అంటే కొనుగోలు పనులు చూసే లాయరు చేత అడిగించు. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా అమ్మేవాళ్లతో ఒప్పంద పత్రాలు ఇచ్చిపుచ్చుకోవద్దు.

ఆశీస్సులతో,
మావయ్య