‘ఇంట్లోనే ఉంటుందిగా’ అనే మాట ముందు మానండమ్మా

ప్రశ్న: మాది రాజోలు. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో టెస్టింగ్ చేస్తోంది, నాలుగేళ్ల అనుభవం. పురుడు మా ఇంట్లోనే. కాన్పుకి 5 వారాల ముందు సెలవు పెట్టింది, బాబుకి ఇప్పుడు 13 వారాలు. సెలవయ్యాక వారానికి 3 రోజులు ఆఫీసుకి రావాలంటున్నారు. ఇది మానేసి పూర్తిగా వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగం చూసుకుంటే మా దగ్గరే ఉండి ఇల్లూ, పిల్లాడూ, ఉద్యోగం మూడూ చూసుకుంటుంది కదా? లేక బ్యాంకు పరీక్షలు రాయించమంటారా?

జవాబు: అమ్మా, అమలాపురం నుంచీ పాలకొల్లు నుంచీ ఇదే ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో. అడిగేది ఉద్యోగం గురించే గానీ, లోపలి భయం వేరు: పిల్లాణ్ణి చూసుకుంటే అమ్మాయి కెరీర్ పోతుందేమోనని, కెరీర్ చూసుకుంటే పిల్లాడికి అన్యాయం జరుగుతుందేమోనని. నాలుగేళ్లు పని చేసిన అమ్మాయి ఒక ఏడాది నెమ్మదిగా నడిస్తే కొంప మునగదు. రాజీనామా చేసి రెండేళ్లు కూర్చుంటేనే మళ్లీ లోపలికి వెళ్లడం కష్టం.

26 వారాల సెలవులో 18 అయిపోయాయి. ఇంకా 8 ఉన్నాయి. ఈ వారమే మేనేజర్‌కి మెయిల్ పెట్టి, హెచ్ఆర్‌కి కాపీ పంపమనండి. ‘కాస్త వెసులుబాటు ఇవ్వండి’ అని రాస్తే ఎవరూ ఏమీ తేల్చరు. ఎన్ని నెలలు, ఏ రోజులు, ఏ గంటలు అన్నది అందులో ఉండాలి: ‘6 నెలలు ఇంటి నుంచి, ఉదయం 8 నుంచి 12, మధ్యాహ్నం 2 నుంచి 6, 3 నెలలకి ఒకసారి సమీక్ష.’ ఒప్పుకుంటే జవాబు కూడా మెయిల్‌లోనే రావాలి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకుంటే, మేనేజర్ మారిన మర్నాడే ‘సోమవారం నుంచి ఆఫీసుకి రండి’ అంటారు.

2017లో ప్రసూతి చట్టానికి చేసిన సవరణతో వచ్చిన నియమం ప్రకారం సెలవు తర్వాత ఇంటి నుంచి పని కంపెనీ, ఉద్యోగి ఇద్దరూ ఒప్పుకుంటేనే. అది హక్కు కాదు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్, అంటే పని వేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు, మాత్రం హక్కే. రోజుకి 4 సార్లు తల్లి వెళ్లి బిడ్డని చూసి రావచ్చు. ఎక్కువమంది దీన్ని అడగనే అడగరు. మీ అమ్మాయిని అడగమనండి.

పూర్తి వర్క్ ఫ్రమ్ హోమ్ మీద నాకున్న అనుమానం దాచుకోను. అలా దొరికే వాటిలో చాలా ‘కన్సల్టెంట్’ పేరుతో ఉంటాయి. జీతం బదులు ఫీజు, పీఎఫ్ ఉండదు, రెండో కాన్పుకి జీతంతో సెలవు ఉండదు. ఆఫర్ లెటర్‌లో ‘కన్సల్టెంట్’ అన్న మాటే వెతకండి. షిఫ్టు కూడా చూడండి: అమెరికా క్లయింటు అయితే బాబు పడుకున్నాక మీటింగులు మొదలవుతాయి. చేరడానికి ముందే డబ్బు కట్టమనేది ఉద్యోగమే కాదు. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక మీకు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ‘మూడూ చూసుకుంటుంది’ అన్నారే, ఆ మాటలోనే తప్పుంది. ఆన్‌లైన్ కాల్‌లో ఉన్న అమ్మాయి చంకలో పిల్లాణ్ణి పెట్టి, పొయ్యి మీద పాలు చూడమంటే నెల తిరిగేసరికి ఆ ఉద్యోగం ఉండదు. తలుపు వేసుకునే గది ఒకటి ఇవ్వండి. ఆ 8 గంటలూ బాబుని ఎవరు ఎత్తుకుంటారో పేరుతో సహా తేల్చండి: మీరా, పనిమనిషా? అల్లుడు గారి వంతు ఎంత? సంక్రాంతికి ఇల్లు నిండా చుట్టాలుంటే ముందే సెలవు పెట్టించండి.

మన కోనసీమలో ఫైబర్ వైరు కొబ్బరిచెట్ల మధ్య నుంచే వస్తుంది. మట్ట పడితే తెగుతుంది, తుఫాను రోజుల్లో మరీను. వేరే కంపెనీ సిమ్ ఒకటి ఫోన్‌లో ఉంచి, దాని హాట్‌స్పాట్ ముందే పరీక్షించుకోవాలి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ రౌటర్ ఆగిపోతుంది; దానికి చిన్న యూపీఎస్ పెట్టించండి.

బ్యాంకు పని కౌంటరు దగ్గర ఉండి చేసేది, పైగా ఆఫీసర్లకి బదిలీలు తప్పవు. ఆ చదువు మీద ఇష్టంతో రాస్తే సరే, ఇంటి దగ్గర ఉండొచ్చని మాత్రం రాయించకండి.

మెయిల్‌కి పది రోజుల్లో జవాబు రాకపోతే దాని కిందే మళ్లీ రాయమనండి. ఫోన్‌లో ‘చూద్దాంలే’ అన్నారని ఊరుకోవద్దు.