తాబేలు మొరాయిస్తే తప్పెవరిది?

పోయిన సంచికలో పాత చేతి కంప్యూటర్ల గురించి రాస్తూ, అందులో నేను ఆడిన ఉచిత మాజాంగ్ ఆటను, అంటే ఒంటరిగా బిళ్ళల జతలు తీసే ఆటను, మూడు వాక్యాల్లో తలచుకున్నాను. ప్రింటర్ల గురించి రెండు పేజీలు రాసినప్పుడు ఒక్క ఉత్తరమూ రాలేదు. ఈ మూడు వాక్యాలకు మాత్రం సంచి నిండింది. ఈసారి ప్రశ్నలన్నీ దాని మీదే.

*ప్రశ్న: మీరు రాసింది చదివి ఆ ఆటను ఫోనులో వేసుకున్నాను. రోజూ చివర్లో ఎనిమిదో పదో బిళ్ళలు మిగిలిపోయి జత దొరకడం లేదు. మా అబ్బాయి నాకు బుర్ర లేదంటున్నాడు. తప్పు నాదా, ఆటదా? – ఒక గృహిణి, గుంటూరు*

అమ్మా, మీ అబ్బాయి చెప్పింది సగమే నిజం. ఆ సగం కూడా బుర్రకు సంబంధించింది కాదు, తొందరకు సంబంధించింది.

ఆటలో 144 బిళ్ళలు. తాబేలు ఆకారంలో అయిదు అంతస్తులుగా పేరుస్తారు: అడుగున 87, దాని మీద 36, ఆపైన 16, తరువాత 4, శిఖరాన ఒకటి. నెత్తిన ఏదీ లేకుండా, ఎడమనో కుడినో ఒక పక్క ఖాళీగా ఉన్న బిళ్ళనే తీయాలి. ఒకే బొమ్మ ఉన్నవి రెండు దొరికితే జతగా తీసేస్తారు. ఋతువుల బిళ్ళలు నాలుగు, పువ్వులవి నాలుగు. వీటికి మాత్రం బొమ్మ కలవనక్కరలేదు, ఏ ఋతువుకైనా ఏ ఋతువైనా సరిపోతుంది, పువ్వుకు పువ్వు సరిపోతుంది. మిగిలిన ప్రతి బొమ్మకూ నాలుగేసి బిళ్ళలు. చిక్కంతా ఈ నాలుగులోనే.

ఉదాహరణకు పిట్ట బొమ్మను తీసుకోండి. (వెదురు ఒకటి అనే బిళ్ళ మీద వెదురు బదులు పిట్ట ఉంటుంది.) నాలుగు పిట్టల్లో రెండు ఒకదాని నెత్తిన ఒకటి ఉన్నాయి. మిగతా రెండూ చెరో మూల కంటికి ఇంపుగా కనిపిస్తున్నాయి. మీరు సంబరపడి ఆ రెంటినీ జత చేశారు. అక్కడితో ఆట అయిపోయింది, మీకు తెలియడమే ఇంకో పావుగంట తరువాత. పై పిట్టకు జత కావలసింది దాని కాళ్ళ కిందే ఉంది. పైది కదలనిదే కిందిది రాదు, కిందిది రానిదే పైది కదలదు. మూల పిట్టల్లో ఒకదాన్ని పై పిట్టకు, రెండోదాన్ని కింది పిట్టకు దాచి ఉంచాలి.

అందుకే జత కనిపించగానే తీయకండి. నాలుగూ ఒకేసారి తెరుచుకుని ఉంటే నిర్భయంగా నాలుగూ తీయవచ్చు, దానివల్ల నష్టం లేదు. రెండో మూడో కనిపిస్తే మాత్రం ఏది తీస్తే కింద ఎక్కువ బిళ్ళలు విడుదలవుతాయో చూడండి. శిఖరం మీద ఉన్న ఒక్కటి నాలుగింటిని తొక్కిపెట్టి ఉంటుంది. ఎడమ కొసన ఒంటరిగా ఉన్న బిళ్ళ రెండు పొడుగు వరసలకు తలుపు. కుడి కొసన అలాంటివి రెండున్నాయి. ముందు వీటి సంగతి చూసి, అంచుల్లో ఉన్న పొట్టి వరసలను తరువాతకు అట్టే పెట్టండి.

ఇక మిగిలిన సగం. ఇష్టం వచ్చినట్టు కలిపి పేర్చిన తాబేళ్ళలో నూటికి సుమారు మూడు, అడుగున ఏముందో అంతా కనిపించే కంప్యూటర్‌కు కూడా తెగవు. బుద్ధి ఉన్న ఆటలు దీన్ని తప్పించడానికి తిరగేసిన పద్ధతిలో పేరుస్తాయి. అంటే ఖాళీ తాబేలును ఊహించుకుని, తీయడానికి వీలున్న రెండు చోట్లను ఎంచి వాటికి ఒకే బొమ్మ అంటించి, వాటిని పక్కకు తీసేసి, మళ్ళీ రెండు. అలా పేర్చినదానికి కనీసం ఒక దారి తప్పకుండా ఉంటుంది. ఆ దారి మీకు దొరుకుతుందా అనేది వేరే మాట. మీ ఫోనులోని ఆటకు ఈ బుద్ధి ఉందో లేదో దాని అమరికల్లో వెతికి, తరువాత మీ అబ్బాయిని ఒక్క తాబేలు పూర్తి చేయమనండి.

*ప్రశ్న: ఇది చైనా చక్రవర్తులు ఆడిన వేల ఏళ్ళ నాటి ఆట అని ఫోనులో రాసి ఉంది. నిజమేనా? – ఒక విద్యార్థి, కరీంనగర్*

కాదు. నలుగురు కూర్చుని ఆడే మాజాంగ్ చైనాది, అదీ 19వ శతాబ్దంలో రూపు కట్టింది. ఒంటరిగా జతలు తీసే ఈ ఆటను బ్రోడీ లాకర్డ్ అనే అమెరికన్ 1981లో ప్లాటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద రాశాడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జిమ్నాస్టిక్స్ చేసేవాడు. 1979లో జరిగిన ప్రమాదంలో మెడ కింది భాగం చచ్చుబడింది. నోట కరిచిన పుల్లతో మీటలు నొక్కుతూ ప్రోగ్రాము రాశాడు. 1986లో యాక్టివిజన్ అనే ఆటల కంపెనీ దాన్ని షాంఘై పేరుతో అమ్మకానికి పెట్టింది. చక్రవర్తుల కథ కన్నా ఇదే నాకు గొప్పగా కనిపిస్తుంది. ప్రకటనలు రాసేవారికి ఎందుకు నచ్చలేదో!

*ప్రశ్న: మా నాన్నగారు పోయి రెండేళ్ళయింది. ఆయన బీరువాలో మీరు రాసిన చేతి కంప్యూటర్, పామ్ ఎమ్100, దొరికింది. సాయంత్రాలు దాంట్లోనే బిళ్ళలాట ఆడేవారు. కొత్త బ్యాటరీలు వేస్తే వెలుగుతోంది కానీ ఆట లేదు, ఆయన స్కోర్లూ లేవు. తిరిగి వస్తాయా? – ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి*

అమ్మా, ముందు చేదు మాట. ఆ యంత్రంలో రెండు మెగాబైట్ల జ్ఞాపకం కరెంటు ఉన్నంతసేపే నిలుస్తుంది. రెండు సన్న బ్యాటరీలు మార్చేటప్పుడు నిమిషం లోపల పూర్తి చేయమని చెప్పేవారు. బీరువాలో ఏళ్ళ తరబడి ఉన్నదానిలో ఏమీ మిగలదు.

అయితే ఆయన దాన్ని ఎప్పుడైనా కంప్యూటర్‌కు తగిలించేవారా? తొమ్మిది సూదుల పొడుగు తీగ ఒకటి ఉండేది. తగిలించి హాట్‌సింక్ మీట నొక్కితే యంత్రంలో ఉన్నదంతా కంప్యూటర్‌లో నకలు పడేది. ఇంట్లో ఆ కాలపు కంప్యూటర్ అటక మీద ఉంటే పారేయకండి, పాత ఇనుముకు వేయకండి. దాని డిస్కులో పామ్ అనే ఫోల్డరు, అందులో నాన్నగారి పేరును కుదించిన ఫోల్డరు, దాని లోపల బ్యాకప్ అని ఉంటుంది. పీఆర్‌సీ, పీడీబీ అనే తోకలున్న ఫైళ్ళన్నీ దించి పెట్టుకోండి. సేవ్డ్ ప్రిఫరెన్సెస్ అనే ఫైలును మరిచిపోవద్దు, చాలా ఆటలు స్కోర్లను అందులోనే దాచేవి. క్లౌడ్‌పైలట్ అనే ఉచిత ప్రోగ్రాము బ్రౌజర్‌లోనే పామ్ యంత్రాన్ని నటిస్తుంది. దానికి కావలసిన రోమ్ (యంత్రంలో చెరగకుండా ఉండే మూల ప్రోగ్రాము) నకలును నాన్నగారి యంత్రం నుంచే తీయవచ్చు. ఆ ఫైళ్ళు దొరికితే ఆట తిరిగి ఆడుతుందని ధైర్యంగా చెప్పగలను. అంకెల విషయంలో హామీ ఇవ్వను.

బ్యాటరీల గూటిలో తెల్లని పొడి కనిపిస్తే నిమ్మరసం అద్దిన దూదితో తుడిచి, ఆరిన తరువాతే కొత్తవి వేయండి.

నా దగ్గరున్నదీ ఎమ్100యే. 2001లో మా తమ్ముడు డాలస్ నుంచి తెచ్చాడు. నేను అందులో ఫోను నంబర్లు ఎక్కించుకునేలోగా మా అమ్మ ఎత్తుకుపోయింది. 160 చుక్కల తెర, అందులో అడ్డంగా 15 బిళ్ళలు, అంటే ఒక్కోదానికి పది చుక్కలు. రంగు లేదు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ ప్లాస్టిక్ పుల్లతో పొడిచేది. చైనా అక్షరాలకు ఆవిడే పేర్లు పెట్టింది. ఎర్ర డ్రాగన్ అనే బిళ్ళ మీది అక్షరం “పుల్లకు గుచ్చిన పెట్టె”. తెల్ల డ్రాగన్ “తలుపు లేని గుమ్మం”. తొమ్మిది చక్రాలున్న బిళ్ళ “బూరెల పళ్ళెం”. తొమ్మిది బూరెలనూ ఎనిమిది బూరెలనూ ఆ తెర మీద ఎలా వేరు చేసేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నేను చేస్తే తప్పేది.

ఆవిడ స్కోర్లూ పోయాయి. 2006లో ఆవిడ ఆసుపత్రిలో ఉన్న పది రోజులు బ్యాటరీల సంగతి ఎవరికీ గుర్తు లేదు. హాట్‌సింక్ నేను ఒక్కసారీ చేయలేదు. అందుకే మీకు ఇంత పొడుగు జవాబు.

*ప్రశ్న: ప్రకటనలు లేని ఉచిత ఆట ఏదైనా చెప్పండి. ప్రతి మూడు నిమిషాలకూ ఎవరో చీర అమ్ముతున్నారు. – విశ్రాంత ఉద్యోగి, వరంగల్*

సైమన్ టాథమ్ అనే ఇంగ్లండు ప్రోగ్రామరు రాసిన పజిళ్ళ సంపుటి వేసుకోండి. పుట్టీ అనే పనిముట్టు రాసింది ఈయనే, కంప్యూటర్లతో పని చేసేవారికి ఆ పేరు తెలుసు. ఉచితం, ప్రకటనలు లేవు, మూల ప్రోగ్రాము కూడా బహిరంగం. ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ ఆడుతుంది. అందులో మాజాంగ్ లేదు, కానీ సేమ్ గేమ్ ఉంది: ఒకే రంగు బిళ్ళలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే గుంపుగా తీసేయాలి, పైవి జారి కిందికి పడతాయి. దాని మూలం 1985లో జపాన్‌లో కునియాకి మొరిబే చేసిన చెయిన్ షాట్. మాజాంగే కావాలంటే, లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో గ్నోమ్ మాజాంగ్ ఉచితంగా దొరుకుతుంది. చీరలు ఉండవు.