బద్ధకం కాదమ్మా, డిస్లెక్సియా: తొమ్మిదిలోనే స్కూలును అడగండి

ప్రశ్న: మా బాబు సీబీఎస్ఈలో తొమ్మిదో తరగతి. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందని సైకాలజిస్టు చెప్పారు. నోటితో అడిగితే పాఠమంతా చెబుతాడు, రాయమంటే సగం పేపరు ఖాళీ. ‘బద్ధకం. పది అవగానే ఐటీఐలో వేసేయండి’ అంటున్నారు క్లాస్ టీచర్. వేసేయమంటారా? – ఓ తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, ఆ నిర్ణయం ఇప్పుడే వద్దు. ఐటీఐ మంచి చదువే. వాడికి ఇష్టమై వెళ్తే సంతోషం. రాయలేడని తోసేస్తే మాత్రం అన్యాయం. ఒత్తు పక్కకు పోవడం, ‘బి’ రాయబోయి ‘డి’ రాయడం, చదివిన వరుసే మళ్లీ చదవడం బద్ధకం వల్ల జరిగేవి కావు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి (స్క్రైబ్), రెండో, మూడో భాష నుంచి మినహాయింపు గురించి ఆ చట్టంలోని 17వ సెక్షనే చెబుతోంది. కాబట్టి ప్రిన్సిపాల్ దగ్గర బతిమాలాల్సిన పని లేదు. ఉత్తరం రాయండి. అందులో వాడి గుణగణాలు వద్దు, అవసరాలే ఉండాలి: ‘బోర్డు మీద రాసింది ఫోన్‌లో ఫోటో తీసుకోనివ్వండి. సైన్స్, సోషల్‌లో స్పెల్లింగ్‌కు మార్కులు తీయకండి. క్లాసులో అందరిముందూ పైకి చదివించకండి. యూనిట్ టెస్టుల్లోనూ అదనపు సమయం ఇవ్వండి.’ రెండో కాపీ మీద స్కూలు స్టాంపు, తేదీ వేయించుకోండి. నోటిమాటగా ఒప్పుకున్నది టీచర్ మారగానే పోతుంది.

బోర్డు పరీక్షకు ప్రైవేటు రిపోర్టు ఒక్కదాన్నే నమ్ముకోకండి. ప్రభుత్వ వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు కోసం ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. జిల్లా ఆసుపత్రిలో అడగండి. మార్గం తెలియకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకి వెళ్లి రండి. మూడు గంటల పేపరుకు సీబీఎస్ఈ గంట అదనంగా ఇస్తుంది. రెండు భాషల బదులు ఒకటే చదివే వీలూ ఉంది. స్కూలు ద్వారానే దరఖాస్తు వెళ్లాలి, అందుకే తొమ్మిదిలోనే మొదలుపెట్టమంటున్నాను.

స్క్రైబ్ దొరికితే చాలదు, చెప్పి రాయించడం నేర్చుకోవాలి. లెక్కలో ఒక్కో మెట్టు, బ్రాకెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, బొమ్మలో ఏ గీత ఎటు వెళ్లాలో పలకాలి. ఇంట్లో వారానికో పాత పేపరు వాడు చెబుతుంటే మీరు రాయండి. మీకు తెలిసిన జవాబైనా, వాడు చెప్పని మాట ఒక్కటీ చేర్చకండి.

హాల్లోకి ధ్రువపత్రం, అనుమతి పత్రం తప్పకుండా పంపండి. 2021 నీట్‌లో డిస్గ్రాఫియా (చేత్తో రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న ఒక విద్యార్థినికి రావాల్సిన అదనపు గంట పరీక్షా కేంద్రంలో ఇవ్వలేదు. సుప్రీంకోర్టు అది అన్యాయమేనని తేల్చింది, మళ్లీ పరీక్ష పెట్టించలేదు. అంత కష్టం మీ బాబుకు రాకూడదు.

పది తర్వాత ఎంపీసీనా, పాలిటెక్నికా, ఐటీఐనా అన్నది వాడు గంటలకొద్దీ విసుగులేకుండా చేసే పనిని బట్టి చూద్దాం. నలభై శాతం, ఆపైన వైకల్యం నమోదైతే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్ కూడా వర్తిస్తుంది. పొద్దస్తమానం నోట్స్ రాయించే రెసిడెన్షియల్ కాలేజీ మాత్రం వద్దు. ఏ కాలేజీకి వెళ్లినా ఫీజు కన్నా ముందు ‘అదనపు సమయం, స్క్రైబ్ ఎవరు చూస్తారు?’ అని అడగండి. ఆ బాధ్యత ఎవరిదో పేరు చెప్పలేని చోట చేర్పించకండి.