ఢిల్లీ వెళ్తున్న మేనకోడలికి

చి. బుజ్జికి, అత్త ఆశీస్సులు.

నీకు ఢిల్లీలో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, అప్పుడు నీ ట్రంకుపెట్టె మోసింది నేనే కదా" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాట పెగల్లేదు. గర్వంగానే ఉంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. కాగితాలన్నిటికీ రెండేసి జిరాక్సులు తీయించు. మునక్కాడలూ కరివేపాకూ ఐఎన్‌ఏ మార్కెట్లో దొరుకుతాయి. ఆంధ్రా భవన్ భోజనానికి వారం వారం వెళ్లకు, మిగతా ఆరు రోజులూ తిండి సయించదు. డిసెంబరులో కొబ్బరినూనె రాయైపోతుంది, వెడల్పు మూత ఉన్న డబ్బాలో పోసుకో. స్వెట్టర్లు కాకినాడలో కొనకు, అవి చూడ్డానికే.

ఇక అసలు సంగతి. గదిలోకి గాలి ఎటు నుంచి వస్తుందో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకు. నవ్వకు, చెప్పేది విను.

నేను వెళ్లింది 1987 అక్టోబరులో. లజపత్ నగర్లో మేడ మీద ఒంటి గది. అక్కడ బర్సాతీ అంటారు. కింద ఇంటావిడ పంజాబీ. పొద్దున్నే నీళ్లొచ్చే వేళకి లేచి మోటారు వేయడం వారానికి మూడు రోజులు నా వంతు. మొదటి మూడు నెలలూ ఆవిడ నాతో మాట్లాడిందంటే ఆ నీళ్ల గురించే. గయ్యాళి అనుకున్నాను.

చలికి తట్టుకోలేకపోతున్నానని ఇంటికి రాస్తే, మీ మామ్మ ఇన్‌లాండ్ లెటర్లో జవాబిచ్చింది: "కుంపటి పెట్టుకో తల్లీ, తలుపులన్నీ వేసుకుని పడుకో." మన ఇంట్లో కుంపటంటే భయమేముంది? కాఫీ దాని మీదే కాసేవాళ్లం. మీ నాన్న పుట్టినప్పుడు పురిటి గదిలోనూ అదే. కాకపోతే మనది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి గాలి ఆడుతూ ఉండేదన్న ఊహే మాకు రాలేదు.

జనవరి మొదటి వారంలో అంగీఠీ కొన్నాను. అదీ కుంపటే. బయట పిట్టగోడ దగ్గర రాజేసి, బొగ్గులు ఎర్రబడి పొగ పోయాక లోపలికి తెచ్చాను. ఎంత తెలివో చూడు. తలుపు కింద సందులో పాత చీర కుక్కాను. వెంటిలేటర్‌కి న్యూస్‌పేపర్ అంటించాను. రజాయి కప్పుకుని పడుకుంటే, ఢిల్లీ వచ్చాక మొదటిసారి కాళ్లు వెచ్చబడ్డాయి.

ఏ వేళప్పుడో తల పగిలిపోతూ మెలకువ వచ్చింది. జలుబు చేసిందనుకున్నాను. కడుపులో తిప్పింది. లేవాలనుకున్నాను, కాళ్లు లేవలేదు. భయం కూడా వేయలేదు బుజ్జీ. సరేలే, పడుకుందాం అనిపించింది. ఇప్పటికీ నాకు వణుకు పుట్టించేది ఆ "సరేలే" ఒక్కటే.

ఆ రోజు మోటారు వంతు నాది. ట్యాంకు నిండకపోయేసరికి ఇంటావిడ తిట్టుకుంటూ పైకొచ్చి తలుపు బాదింది. పాక్కుంటూ వెళ్లి గడియ తీశానట, నాకు గుర్తులేదు. రెక్క పట్టుకుని బయట పొగమంచులోకి ఈడ్చి, అక్కడే కూర్చోబెట్టి, నా అరికాళ్లు రుద్దింది. పొగ లేనంత మాత్రాన బొగ్గు మంచిది కాదని తర్వాత డాక్టరు చెప్పాడు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట అది కూర్చుంటుందట.

ఆ ఆదివారం ఇంటికి ఉత్తరం రాశాను. "అమ్మా, కుంపటి కొన్నాను, వెచ్చగా ఉంది." ఇంకేం రాయను? పెట్టుకోమన్నది ఆవిడే. పోయేదాకా ఆవిడకి చెప్పలేదు. మీ నాన్నకీ తెలియదు. నువ్వూ చెప్పకు.

ఆ తర్వాతి వారం భోగి. వాళ్లకి ఆ రోజే లోహ్‌డీ పండగ. ఇంటావిడ నన్ను కిందికి పిలిచి, వీధిలో మంట దగ్గర నిలబెట్టి, చేతిలో గుప్పెడు వేరుశెనగలు పోసింది, మంటలో వేయమని. నేను సగం తినేశాను. మన భోగి పిడకల దండలు గుర్తొచ్చి ఏడుస్తుంటే, పొగ కళ్లల్లో పడిందనుకుని ఇటు జరగమంది.

ఆ ఏడాది ఇంటికొచ్చేద్దామని రెండుసార్లు జీటీ ఎక్స్‌ప్రెస్ రైలుకి టికెట్ తీసి, రెండుసార్లూ క్యాన్సిల్ చేశాను. రెండోసారి ఎందుకంటే, ఆవిడ కూతురి పెళ్లి.

ఈ రోజుల్లో కుంపటి ఎవరు పెడతారత్తా అంటావు. బాత్రూంలో గ్యాస్ గీజరుంటే, తలుపేసుకుని స్నానం చేసే పిల్లకి అదీ అంతే. గీజరు కరెంటుదైతే సరే. గ్యాస్‌దైతే బాత్రూం బయట బిగించమను. ఓనరు కుదరదంటే ఆ ఇల్లు మనకొద్దు. తలనొప్పీ వికారమూ కలిసి వస్తే మాత్ర వెతుక్కోకు, ముందు బయటికి రా. కింద ఎవరుంటారో కనుక్కుని, మొదటి వారంలోనే కాస్త ఆవకాయ ఇచ్చి రా. ఆవిడ గయ్యాళిదైనా సరే.

గది చూసుకున్నాక మంచం, బాల్కనీ ఫొటోలు మీ అమ్మకి పంపు. నాకు బాత్రూం వెంటిలేటరు ఫొటో చాలు.

మీ అత్త