పేరున్న క్లబ్బా, ఆడనిచ్చే క్లబ్బా?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు నిండాయి. ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్‌గా ఆడుతున్నాడు. ఒక పెద్ద క్లబ్ తన యువజట్టులో 3 సంవత్సరాల కాంట్రాక్టు ఇస్తామంటోంది. రెండో డివిజన్‌లో ఉన్న చిన్న క్లబ్ ఒకటి, ఏడాదిలోపు సీనియర్ జట్టులో ఆడించే ఆలోచన ఉందని చెబుతోంది. పెద్ద క్లబ్‌ను వదులుకుంటే ఇలాంటి అవకాశం మళ్లీ రాదని ఏజెంట్ అంటున్నారు. చదువు మాన్పించి పూర్తిగా ఆటలోనే పెట్టాలా? ఈ రెంటిలో ఏది మేలో పోల్చి చెప్పగలరు. - ఒక తండ్రి

జవాబు: మీ ప్రశ్నలో క్లబ్‌లు ఉన్నాయి, కాంట్రాక్టు ఉంది, ఏజెంట్ మాట కూడా ఉంది, అబ్బాయి ఏమంటున్నాడో మాత్రం లేదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను. మీరు పోలిక అడిగారు గానీ, ఇప్పుడు పట్టుకోకపోతే అంతా చేజారిపోతుందన్న భయమే మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదని నాకు అర్థమవుతోంది. ఇదే భయంతో నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కనుక ముందు దాని గురించే చెబుతాను.

మైదానం మధ్యలో ఆడేవాడు ఆలస్యంగా పండుతాడు. పక్క అంచున పరుగెత్తే ఆటగాడికి వేగం ఉంటే 17 ఏళ్లకే అది అందరికీ కనిపిస్తుంది. మిడ్‌ఫీల్డర్‌కు మాత్రం ప్రత్యర్థి ఎటునుంచైనా రావచ్చు. బంతి తన కాలికి చేరేలోపే అతడు కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసి, ఎవరు ఎక్కడున్నారో మనసులో పెట్టుకొని, మొదటి స్పర్శతోనే ఖాళీ ఉన్న వైపు తిరగాలి. ఆ చూపు వ్యాయామశాలలో రాదు, మ్యాచ్‌లు ఆడగా ఆడగా వస్తుంది. మిడ్‌ఫీల్డర్ లూకా మోద్రిచ్‌ను క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ 2003లో, 18 ఏళ్ల వయసులో, బోస్నియాలోని జ్రిన్యస్కీ మోస్తార్ అనే క్లబ్‌కు లోన్‌పై, అంటే కొంతకాలం అక్కడ ఆడేందుకు, పంపింది. మొరటుగా తాకే ఆ లీగ్‌లో ఆడి నిలదొక్కుకున్న మనిషే 2018లో, ప్రపంచంలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ అందుకున్నాడు. మరో మిడ్‌ఫీల్డర్ ఎన్‌గోలో కాంటే 2010 దాకా, అంటే 19 ఏళ్లు వచ్చేవరకు, పారిస్ శివారులోని సురేన్ అనే చిన్న క్లబ్‌లోనే ఉన్నాడు. 2016లో లెస్టర్ క్లబ్‌తో ఇంగ్లిష్ లీగ్, 2018లో ఫ్రాన్స్‌తో ప్రపంచకప్ గెలిచాడు. కనుక 16 ఏళ్లకు ఒక తలుపు మూసుకున్నంత మాత్రాన మీవాడి భవిష్యత్తు మూసుకుపోదు. దయచేసి ఈ మాట నమ్మండి.

పేరున్న క్లబ్‌లో చిన్నప్పుడే చేర్చాలన్న ఆరాటం ఈ మధ్య బాగా పెరిగింది. నాకు దాని మీద గట్టి అనుమానాలున్నాయి. నార్వే మిడ్‌ఫీల్డర్ మార్టిన్ ఓడెగార్డ్ 2015 జనవరిలో, 16 ఏళ్లకు, స్పెయిన్‌లోని పెద్ద క్లబ్ రియల్ మాడ్రిడ్‌లో చేరాడు. అదే ఏడాది మేలో రొనాల్డో స్థానంలో మైదానంలోకి దిగి లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. ఆ తర్వాత అక్కడ అతడి ఆట చాలావరకు రెండో జట్టుకే పరిమితమైంది. అతడిని నిజంగా నిలబెట్టినవి నెదర్లాండ్స్‌లోని హేరెన్‌వేన్, వీటెస్సె, ఆపైన స్పెయిన్‌లోని రియల్ సోసియెదాద్ క్లబ్‌లు. లోన్‌పై వెళ్లిన ఆ చోట్ల వారం వారం ఆడే అవకాశం దొరికింది. 2022లో ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌కు కెప్టెన్ అయ్యేనాటికి అతడికి 23 ఏళ్లు. చివరికి నెగ్గుకొచ్చాడు కదా అని మీరు అనవచ్చు. నెగ్గుకొచ్చాడు కనుకనే అతడి పేరు మనకు తెలుసు. అదే దారిలో వెళ్లి, 19 ఏళ్లకు కాంట్రాక్టు ముగిసి, సీనియర్ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండా ఇంటికి తిరిగొచ్చిన పిల్లలు నా ఎదుట కూర్చుని, తమకు ఆట రాదని తలవంచుకొని చెప్పడం నేను విన్నాను. వాళ్లకు ఆట రాకపోవడం కాదు, ఆడే చోటు దొరకలేదు.

3 సంవత్సరాల కాంట్రాక్టును మీరు ప్రత్యేక గౌరవంగా భావిస్తున్నట్టున్నారు. 18 నిండని ఆటగాడితో అంతకు మించిన కాలానికి ఒప్పందాన్ని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనలు అనుమతించవు. ఆ అంకెను చూసి మురిసిపోవలసింది ఏమీ లేదు. ఇక ఏజెంట్ మాట: సంతకం పడితేనే ఆయనకు రాబడి, కనుక ఆయన తొందరను మీ తొందరగా చేసుకోకండి.

చిన్న క్లబ్‌నూ కళ్లు మూసుకొని నమ్మమని నేను అనను. "ఆలోచన ఉంది" అన్నది హామీ కాదు. గత 3 సీజన్లలో ఎంతమంది యువకులను సీనియర్ జట్టులో ఆడించారు, మీవాడి స్థానంలో ఇప్పుడు ఎవరున్నారు, గాయమైతే చికిత్స ఎవరు చూస్తారు, విశ్రాంతి ఎవరు నిర్ణయిస్తారు అని అడగండి. చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ పెద్రీ 18 ఏళ్ల వయసులో తన క్లబ్ బార్సిలోనాకు, దేశానికి, యూరో (ఐరోపా దేశాల కప్), ఒలింపిక్స్ కలుపుకొని ఒకే సీజన్‌లో 70కి పైగా మ్యాచ్‌లు ఆడాడు. మరుసటి సీజన్ తొడ కండరాల గాయాలతో చాలావరకు బయటే గడిపాడు. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబులొస్తే నా మొగ్గు చిన్న క్లబ్ వైపే.

చదువు మాన్పించే విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. మీ ఆందోళన తగ్గించుకోవడానికి పిల్లవాడి చేతిలోని రెండో ఆధారాన్ని లాగేయడం తండ్రి చేయవలసిన పని కాదు. కాంటే ఆడుతూనే అకౌంటింగ్ చదివాడు. చదువు మాన్పించిన రోజు నుంచి ప్రతి చెడ్డ పాస్ మీవాడికి ఇంటి పరువులా కనిపిస్తుంది. భుజం మీదుగా ప్రత్యర్థిని చూడవలసిన క్షణంలో గట్టున నిలబడ్డ నాన్న ముఖం చూసే పిల్లలు నాకు తెలుసు. మీ అబ్బాయిని ఆ స్థితికి తేవద్దు.

ఈ వారం ఏజెంట్‌ను పక్కన పెట్టి, మీరిద్దరే వెళ్లి ఆ చిన్న క్లబ్ సీనియర్ మ్యాచ్ ఒకటి చూడండి. వచ్చేటప్పుడు మీరేమీ చెప్పకుండా, ఆ మధ్యలో తాను ఉంటే ఏం చేసేవాడో అడిగి, వాడు చెప్పేది పూర్తిగా వినండి. క్లబ్ ఇచ్చిన జవాబులతో పాటు, అబ్బాయి తన చేత్తో రాసిన నాలుగు వాక్యాలను కూడా నాకు పంపండి. సంతకం సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.